కొత్త తెర, పలకని రేడియో

కొత్త స్టీరియో బిగించిన రోజు నుంచి మా కారులో అన్నీ వచ్చాయి, రేడియో తప్ప. మ్యాపులు వచ్చాయి. సినిమాలు వచ్చాయి. బండి వెనక్కి తీస్తే వెనక ఏముందో చూపించే కెమెరా వచ్చింది. తాళం తిప్పగానే ఎవరో ఆడమనిషి ఇంగ్లిషులో స్వాగతం చెప్పడం కూడా వచ్చింది. రేడియో నొక్కితే మాత్రం మూకుడులో పల్లీలు వేయిస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వెనక ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడేమో అని అనుమానం. అంతే. దుకాణంలో ఆయన నాకు చూపించింది సినిమా పాటలే. మా ఇంట్లో ఆ కారుకున్న అసలు గిరాకీ రేడియో కోసమేనని ఆయనకేం తెలుసు.

ఆ గిరాకీ మా బాపుది, అంటే మా నాన్నది. బాపు బతుకంతా గొర్రెలు కాశాడు. భుజాన గొంగడి, మెడలో ట్రాన్సిస్టరు, ఈ రెండూ లేకుండా ఆయన గుట్టల వైపు పోయిన రోజు నాకు గుర్తులేదు. మనుషులతో పొదుపుగా మాట్లాడతాడు. మనుషులు చెప్పేది వింటాడో లేదో మనకు తెలియదు. రేడియో చెబితే మాత్రం వింటాడు. వాన వస్తుందని అమ్మ అంటే మొగులు దిక్కు చూసి ఊరుకునేవాడు, అదే మాట రేడియో అంటే గొంగడి అందుకునేవాడు. మోకాళ్లు మొరాయించాక మంద అమ్మేసి మోత్కూరులో ఇంటి పట్టున ఉన్నాడు. కొన్నాళ్లకు ట్రాన్సిస్టరు కూడా మూగబోయింది. దాన్ని బాగుచేసేవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పెడితే, గల్లాపెట్టె ముందున్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి ఛార్జరు ఎక్కడ పెడతారని నన్నే అడిగాడు.

దాంతో కారే ఆయన ట్రాన్సిస్టరు అయింది. నేను పశువుల దవాఖానలో పనిచేస్తాను. ఊరూరూ తిరిగి గొర్రెలకు, మేకలకు సూదులు వేయడం నా ఉద్యోగం, దానికోసం కొన్న పాత కారు అది. సాయంత్రం నేను ఇంటి ముందు ఆపగానే బాపు వచ్చి ముందు సీట్లో కూర్చుంటాడు. తలుపు తెరిచే ఉంటుంది, ఒక కాలు లోపల, ఒక కాలు నేల మీద. తాళం సగం తిప్పి రైతుల కార్యక్రమం, ఆ తర్వాత ఊళ్ల పాటలు, ఆ తర్వాత వార్తలు విని గాని లోపలికి రాడు. ఇంజను ఆపి ఉంటుంది గనుక బ్యాటరీ దిగిపోతుంది. పొద్దున నేను మందుల పెట్టె సీట్లో పెట్టి, ఇరుగుపొరుగును పిలిచి బండి నెట్టించుకుని డ్యూటీకి పోవాలి. దీని మీద ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో. "గంత చిన్న రేడియోకు గంత పెద్ద బండి ఎట్ల అలుస్తది?" అంటాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండుతుంది.

కొత్త స్టీరియో నేను ముచ్చట పడి పెట్టించింది కాదు. పాల కేంద్రం దగ్గర బండి వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టాను. వెనక బంపరు పగిలింది. కెమెరా పెట్టించుకోమని అందరూ అన్నారు. కెమెరా కావాలంటే తెర కావాలి, తెర కావాలంటే పాత స్టీరియో తీసేయాలి. నల్లగొండలో ఒక దుకాణంలో పొద్దంతా కూర్చుని ఆ పని చేయించుకుని వచ్చాను. అమ్మ దాన్ని చూసి ఇంట్లో టీవీ కంటే బాగుందని మురిసిపోయింది. రేడియో మాటలు దీంట్లోకి ఎట్లా వస్తాయని అడిగింది. బాపు అదే ప్రశ్న అడిగి ఉంటే విసుక్కునేదాన్ని. అమ్మ గనుక ఓపిగ్గా, గాలిలోంచి పైన ఆ పుల్లకు వచ్చి, అక్కణ్నుంచి తీగలో కిందికి దిగుతాయని, కారు కప్పు మీదున్న యాంటెన్నాను చూపించి చెప్పాను. అమ్మ చాలా శ్రద్ధగా విన్నది.

ఆ సాయంత్రం రేడియోలో పల్లీలు వేగాయి. బాపు కొంచెంసేపు చెవి ఒగ్గి చూసి, "గంత పెద్ద తెర వెట్టిచ్చినవ్. ఒక్క మాట పలుకదేంది బిడ్డా?" అన్నాడు.

మర్నాడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నేను సూదుల క్యాంపుకు పోయిన రోజు రేడియోవాళ్లు మహిళా సంఘం మీటింగుకు వచ్చారట. పాత పాటలు ఎవరికి వస్తాయని అడిగారట. సంఘం ఆడవాళ్లు అమ్మను ముందుకు తోశారట. అమ్మ నాటు వేసేటప్పుడు పాడే పాట ఒకటి మొత్తం పాడిందట. వచ్చే శుక్రవారం సాయంత్రం, రైతుల కార్యక్రమం అయిపోగానే అది వస్తుందని ఫోన్ చేసి చెప్పారట.

"బాపుకు చెప్పినవా?" అన్నాను.

"చెప్పద్దు. నువ్వు సుత చెప్పకు. ఆయన గట్ల కూసోని ఇంటుంటె, దానంతట అది రావాలె. ఆయన చెవుల వడాలె. నాకు గంతే."

ఎందుకో చెప్పేటప్పుడు అమ్మ నా మొహం వైపు చూడలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి నాట్లు పడుతుంటే అమ్మ ముందు పాడుతోందట, మిగతా ఆడవాళ్లు అందుకుంటున్నారట. బాపు మందను తోలుకుంటూ గట్టు మీదికి వచ్చి, అందరూ వింటుండగా, "చాలు తియ్యి, ఇగ నాటెయ్యి" అన్నాడట. ఆడవాళ్లు నవ్వారట. ఆనాటి నుంచి బాపు వినబడేంత దూరంలో ఉంటే అమ్మ పాడలేదు. అది నిజమే. నేను అమ్మ పాట విన్నదంతా బాపు మందతో పోయాక బావి దగ్గర. బాపు రాగానే ఎందుకు ఆపేస్తుందో నాకు ఆ రోజు దాకా తెలియదు.

మీకు వచ్చిన ఆలోచన నాకూ వచ్చింది. ఫోన్లో రేడియో వస్తుంది కదా, దాంట్లో పెడదాం అన్నాను. అమ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఫోన్ల వస్తె నువ్వే వెట్టినవ్ అనుకుంటడు. నాకోసం చేసినవ్ అనుకుంటడు. రేడియోల అయితె లోకం మొత్తం ఇన్నట్టు గద." బాపును ఆమె చదివినంత నేను చదవలేదు. నిజంగానే ఫోన్లో వచ్చేది రేడియో అంటే బాపు ఒప్పుకోడు. మనం అడిగితే పలికేది రేడియో ఎట్లా అవుతుందని ఆయన వాదన.

ఇక చూడండి నా అవస్థ. శుక్రవారంలోగా రేడియో బాగుచేయించాలి, ఎందుకు అంత తొందరో బాపుకు చెప్పకూడదు. దుకాణం ఆయనకు ఫోన్ చేశాను.

"మీ ఊరు దూరం మేడం. సిగ్నల్ ఉండదు," అన్నాడు.

"పాత స్టీరియోల మంచిగనే వచ్చింది గదన్న. ఊరు మొన్న జరిగిందా?"

"పాతది పాతదే మేడం. అయినా ఇప్పుడు రేడియో ఎవలింటున్నరు? బ్లూటూత్ వెట్టుకోండ్రి, ఏ పాట కావాల్నంటె గా పాట వస్తది."

ఈ బ్లూటూత్ మాట ఆ వారంలో నాకు చెప్పని మనిషి లేడు. దవాఖానలో చెప్పారు, పెట్రోలు బంకులో చెప్పారు, సూదికోసం మేకను పట్టుకొచ్చిన ముసలాయన కూడా చెప్పాడు. నాకు రేడియో కావాలి అంటే అందరూ జాలిగా చూడటమే. చెప్పు తెగింది, కుట్టండయ్యా అంటే, ఇప్పుడు చెప్పులు ఎవరు వేసుకుంటున్నారు, బూట్లు వేసుకో అన్నట్టు ఉంటుంది వీళ్ల మాట.

సెలవు పెట్టి మళ్లీ నల్లగొండ పోయాను. దుకాణం ఆయన తెరను అక్కడా ఇక్కడా నొక్కి, లోపల రేడియో సెట్టింగులో దేశం రష్యా అని ఉందని కనిపెట్టాడు. తన తప్పేమీ లేనట్టు దాన్ని ఇండియాకు మార్చి, "అయిపాయె మేడం" అన్నాడు. పల్లీల చప్పుడు తగ్గలేదు, కొంచెం సన్నబడింది. నేను కదలకుండా కౌంటరు ముందు నిలబడ్డాను. అప్పుడు కొత్త మాట అందుకున్నాడు. కారు అద్దాలు పైకి ఉండటం వల్లనట. అద్దాలు దించాను. తేడా లేదు. ఎండ ఎక్కువ ఉండటం వల్లనట. సాయంత్రం కూడా ఇంతే అన్నాను. అయితే సాయంత్రం గాలి వల్ల అన్నాడు. ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడితే నా నోరు జారుతుందని బయటికి వచ్చేశాను.

అదే రోడ్డులో కార్ల వైర్లు చూసే ఎలక్ట్రీషియన్ ఒకాయన దొరికాడు. బండి చూడకముందే, "ఇంట్ల మొగోళ్లెవలన్న ఉంటె పంపుండ్రి మేడం, నేను సమ్జాయిస్త" అన్నాడు. నేను పొట్టేలును మోకాళ్ల మధ్య అదిమి పట్టి సూది వేసే మనిషిని, నాకు సమజ్ కాని వైరు ఏముందో చూపించమన్నాను. ఆయన కొంచెం వెనక్కి తగ్గి స్టీరియో బయటికి లాగాడు. ఒక నీలం వైరు మడిచి, నల్ల టేపు చుట్టేసి, ఎక్కడా కలపకుండా వదిలేసి ఉంది. పైన యాంటెన్నాలో చిన్న మిషను ఉంటుందట, దానికి కరెంటు ఇచ్చే వైరు అదట. బిగించినవాళ్లు ఎక్కడ కలపాలో తెలియక చుట్టి లోపలికి తోశారు. ఆయన దాన్ని కలిపాడు. పల్లీల మధ్యలోంచి ఒక మనిషి గొంతు బయటపడింది. వరి అనే మాట, యూరియా అనే మాట విడివిడిగా వినబడ్డాయి.

"వచ్చింది గద మేడం."

"మాటలు సాఫ్ లేవు గదన్న."

"గింతకంటె ఏం రాదు. నీలం వైరు మీకు కలిపిన, ఇగ మీ నసీబు."

నీలం వైరు సంగతి చెప్పి దుకాణం ఆయనను కడిగేయాలని మళ్లీ వెనక్కి పోయాను. ఆయన భోజనానికి పోయాడు. నా నంబరు అక్కడ రాసి, రాగానే ఫోన్ చేయమని చెప్పి బయలుదేరాను. పానగల్ దాటేదాకా రేడియో పెట్టుకునే నడిపాను, ఎక్కడైనా తేటపడుతుందేమోనని. ఖాళీ రోడ్డు, అడ్డం ఏమీ లేదు. యూరియా ఆయన మాత్రం ఎవరో గొంతు పిసుకుతున్నట్టే మాట్లాడాడు. ఏడుపొచ్చింది. ఏడుపు రేడియో కోసం కాదు. అమ్మ ఆ రోజు పొద్దున నన్ను సాగనంపుతూ, "ఈసారి అయితది కదా బిడ్డా?" అని అడిగింది. అమ్మ నన్ను ఏదీ అడగదు.

ఇంట్లో వాళ్లిద్దరి మధ్య నా బతుకు ఇంకా దరిద్రం. బాపు సాయంత్రం కారులో కూర్చుని, ఫిర్యాదు చేయకుండా ఆ చప్పుడే వినేవాడు. తిట్టినా బాగుండేది. రెండు మూడు రోజులకు లేచి, "ఊకో బిడ్డా. నా రేడియో కోసం నువ్వెందుకు తిప్పలవడుతున్నవ్. లేకుంటె లేదు. ఇగ నేను ఇనను తియ్యి" అని లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వంటింట్లో అమ్మ మూత ఒకటి గట్టిగా కింద పెట్టింది. ఆ మూత నా కోసమే అని నాకు అర్థమైంది. బాపు వినడమే మానేస్తే రేడియో బాగై ఏం లాభం? నేను పోయి, పెట్టకుంటే కొత్త సామాను పాడవుతుంది, రోజూ పెట్టి చూస్తుంటేనే బాగవుతుందని ఏదో అబద్ధం చెప్పి ఆయనను మళ్లీ కారులో కూర్చోబెట్టాను. ఆయన నా మాట కాదనలేక కూర్చున్నాడు.

జడ్చర్లలో పనిచేసే నా తోటి ఉద్యోగిని ఒకామె, అక్కడ హైవే మీద లారీలకు పెట్టే పొడుగు యాంటెన్నాలు అమ్ముతారని చెప్పి, ఒకటి కొని బస్సులో ఎవరితోనో పంపింది. అది నా చేతికి వచ్చేసరికి శుక్రవారం అయింది. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. బాపు హోటల్ కాడికి చాయ్ తాగడానికి పోయిన సమయం చూసుకుని, కారు గడప మీద ఎక్కి, కప్పు మీదున్న పాత పుల్లను తిప్పాను. రాదు. బట్ట చుట్టి బలంగా తిప్పాను. కరకరమంటూ కదిలి, పసుపు పొడి రాలింది.

పుల్ల పైన పసుపు మరకలు నేను ముందే చూశాను. పట్టించుకోలేదు. మా ఇంట్లో పసుపు అంటని యంత్రం లేదు. కొత్త వస్తువు గడప దాటితే అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపు దారంతో కంకణం కట్టాల్సిందే. బోరు మోటరుకు కట్టింది, గ్రైండరుకు కట్టింది, ఫ్రిజ్ వెనక నల్ల డబ్బాకు కట్టింది. నా సూదుల పెట్టెకు కూడా కట్టింది. కానీ ఇక్కడ పుల్ల ఊడి చేతికి వచ్చాక చూస్తే, లోపల మర మీద దారం. వరసలు వరసలుగా, కండెకు చుట్టినట్టు, మర కనబడకుండా చుట్టి, పైన తడి పసుపు కూరి ఉంది. అది ఆరి పెచ్చు కట్టింది. పుల్ల ఇన్నాళ్లూ ఆ దారం మీద నిలబడి ఉంది. ఇనుముకు ఇనుము తగలడం లేదు. పుల్లకు ఏం వచ్చినా కిందికి దిగే తోవ లేదు.

"అమ్మా," అని పిలిచాను. ఎట్లా పిలిచానో, అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"గిది ఎవలు గట్టిండ్రు?"

"నేనే గట్టిన. ఎందుకు ఇప్పినవే దాన్ని?"

"ఎప్పుడు గట్టినవ్?"

"నువ్వు గా తెర వెట్టిచ్చుకొచ్చిన పొద్దే. కొత్త సామాను ఊకెనే ఉంచుతరా?"

"మరి తెరకు గట్టాలె గదనే. గీడెందుకు గట్టినవ్?"

"నువ్వే జెప్పినవ్ గద. మాటలు గాలిలకెళ్లి గా పుల్లకే వస్తయని. నా పాట సుత గాడికెళ్లే గద రావాలె." అమ్మ గొంతు తగ్గింది. "మంచిగ రావాలెనని గట్టిన."

నాకు నవ్వాలో, బండకేసి తల కొట్టుకోవాలో తెలియలేదు. రష్యా, నీలం వైరు, జడ్చర్ల, సెలవులు, ఇదంతా ఒకవైపు. తన పాట బాగా రావాలని తన పాట వచ్చే తోవకే మూత బిగించిన మా అమ్మ ఇంకోవైపు. "బయట కట్టచ్చు గద" అని మాత్రం అనగలిగాను. బయట కడితే వానకు పోతుందట. పైగా బాపు చూసి ఎందుకు కట్టావని అడుగుతాడట. తుడుస్తుంటే పుల్ల తిరిగి ఊడి వచ్చిందట, లోపల కట్టేందుకు దేవుడే జాగా చూపించాడని అనుకుందట.

కత్తి తెచ్చి కోసేద్దామని లోపలికి పోబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. పిండి అంటింది.

"కత్తి వెట్టద్దు. కట్టినోళ్లే ఇప్పాలె."

"అమ్మా, జర సేపైతె బాపు వస్తడు. రైతుల కార్యక్రమం షురూ అయితది."

"అయితె కానియ్యి. కంకణం తెంపితె నా పాట తెంపినట్టే."

ఏం చేయను. అమ్మకు స్టూలు వేశాను. అమ్మ చేతులు కడుక్కుని, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, దారం కొస వెతకడం మొదలుపెట్టింది. కొస దొరకదు. దొరికితే పసుపు పెచ్చులో ఇరుక్కుని రాదు. నేను కింద నిలబడి వీధి చివరకు చూస్తున్నాను. నా లోపల కోపం చాయ్ గిన్నెలా పొంగుతోంది, అమ్మ వేళ్లు మాత్రం బియ్యంలో రాళ్లు ఏరినంత నిదానంగా కదులుతున్నాయి. చివరికి దారం ఊడింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని కొంగుకు ముడేసుకుంది.

మందుల పెట్టె తెరిచి, గొర్రెలకు వాడే సూదితో మరలో పసుపు గీకాను. స్పిరిట్‌లో దూది తడిపి తుడిచాను. జడ్చర్ల యాంటెన్నా ఆ మరకు పట్టలేదు, పట్టి ఉంటే ఆశ్చర్యపోవాలి. పాత పుల్లనే మళ్లీ బిగించాను. రేడియో నొక్కగానే, ఎదురుగా అరుగు మీద కూర్చుని మాట్లాడినంత సాఫుగా ఒకాయన గొర్రెల గాలికుంటు వ్యాధి గురించి చెబుతున్నాడు. నేను ఆ రోగానికి సూదులు వేస్తూ ఇన్నేళ్లు గడిపాను, దాని పేరు విని సంతోషపడటం అదే మొదటిసారి.

బాపు వచ్చాడు. రేడియో విని నిలబడిపోయాడు. "అయిందా?" అన్నాడు. అయింది అన్నాను. ఎట్లా అయిందో అడగలేదు. ఒక కాలు లోపల పెట్టి కూర్చుని, కుంటు వ్యాధి మొత్తం విన్నాడు. అమ్మ గడపలో చాట పట్టుకుని నిలబడింది. చాటలో ఏమీ లేదు. అది బాపు గమనించలేదు గాని నేను గమనించాను.

రైతుల కార్యక్రమం అయిపోయింది. రేడియోలో చదివే ఆమె, ఇప్పుడు మీరు వినబోయే నాటు పాట పాడినవారు, అన్నది. మోత్కూర్, అన్నది. అంతే, రేడియో ఆగిపోయింది. కారు నిండా ఫోన్ గంట మోగింది. తెర మీద నల్లగొండ దుకాణం వాడి నంబరు. అందరూ పొగిడిన ఆ బ్లూటూత్‌ను బిగించిన రోజే దుకాణం ఆయన నా ఫోన్‌కు కలిపి పెట్టాడు. అది ఫోన్ వస్తే రేడియోను నొక్కేసి ఫోన్‌ను ఎత్తుతుందని నేను మరిచిపోయాను. ఆపబోయి ఎక్కడ నొక్కానో, ఆయన గొంతు కారంతా వినబడింది.

"మేడం, మీరు ఫోన్ చేయమన్నరట. రేడియో వస్తాందా?"

"వస్తుండె," అని కట్ చేశాను. జీవితంలో ఇంత కోపంగా ఒక్క మాట నేను ఎవరితోనూ అనలేదు.

రేడియో తిరిగి వచ్చేసరికి పేరు చెప్పడం అయిపోయింది. పాట మొదలైంది. తోడు ఎవరూ లేరు, వాయిద్యం లేదు, అమ్మ గొంతు ఒక్కటే. మొదట కొంచెం వణికి, రెండో మాటకు నిలదొక్కుకుంది. నేను బావి దగ్గర విన్న గొంతే, కాస్త బరువెక్కింది. అమ్మ చాటను రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది. నేను బాపు మొహమే చూస్తున్నాను. ఆయన తెరను చూస్తున్నాడు, తెర మీద అంకెలు తప్ప ఏమీ లేవు. నేల మీదున్న కాలు మెల్లగా కదులుతోంది. పాట చివరిదాకా ఆ కాలు ఆగలేదు.

పాట అయిపోయింది. బాపు, "గీమె గొంతు మంచిగున్నది" అన్నాడు.

నేను నోరు తెరవబోతే అమ్మ కళ్లతోనే వద్దన్నది.

"నువ్వు పాడేదానివి గద గీ పాట," అన్నాడు బాపు, అమ్మ దిక్కు తిరిగి. "నాట్ల కాడ."

"నీకెవలు జెప్పిండ్రు?"

"ఒకలు జెప్పుడేంది. నేను ఇనలేదా. మేత లేకున్నా గా గట్టు మీదికే ఎందుకు తోలేటోన్ని మందను?" అని, నిజంగానే తెలియనట్టు అడిగాడు. "నడిమిట్ల ఎందుకో ఇడిసిపెట్టినవ్. ఎందుకు ఇడిసిపెట్టినవే?"

అమ్మ మొహం ఎట్లా మారిందో నేను రాయలేను. "నువ్వే చాలు తియ్యి అన్నవ్," అన్నది.

"నేనా? ఎప్పుడు?"

అమ్మ చెప్పింది. ఏ మడి, ఏ గట్టు, పక్కన ఎవరెవరు వంగి నాటు వేస్తున్నారు, ఎవరు ముందు నవ్వారు, ఆ రోజు బాపు మీద ఏ అంగీ ఉంది, అన్నీ చెప్పింది. బాపు విన్నాడు. నుదురు ముడివేసి చాలాసేపు వెతుక్కున్నాడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

"నాకు యాదికి లేదు," అన్నాడు. "మొగులు వట్టింది, వాన రాకముందే పని కావాలెనని అన్ననేమో."

నాకు ఇద్దరినీ పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆయనకు గుర్తు కూడా లేని ఒక్క మాట మీద ఈమె ఇన్నేళ్లు నోరు మూసుకుని ఉంది. ఎందుకు ఆపావని ఒక్కసారి అడగడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది. నేను ఒక వారం పల్లీల చప్పుడు వింటేనే పిచ్చి పట్టినట్టయింది.

"ఇప్పుడు రేడియోల పాడింది నేనే," అన్నది అమ్మ. అని, అక్కడ నిలబడకుండా లోపలికి పోయింది.

బాపు కదలలేదు. రేడియోలో ఇంకెవరో పాట అందుకున్నారు. ఆయన చెయ్యి చాపి తెర మీద అక్కడా ఇక్కడా తట్టాడు, అది ఆగలేదు. "బంద్ వెట్టు బిడ్డా," అన్నాడు. బంద్ చేశాను.

"ఇగ పాడు," అన్నాడు, వంటింటి దిక్కు చూసి, గట్టిగా.

లోపల గిన్నెలు మోగాయి. నల్లా తిప్పిన చప్పుడు వచ్చింది, ఆగింది. మళ్లీ గిన్నెలు. బాపు మోకాలి మీద చెయ్యి వేసుకుని, వార్తల టైము అయిపోయినా కారులోనే కూర్చుని ఉన్నాడు.